అయ్యగారు వచ్చేదాకా ఒక గోబీ

ఫ్రిజ్ ఒకటి కొనేస్తే కూరగాయలు వాటంతట అవే తాజాగా ఉంటాయని నమ్మేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. మా కోడలు ఆ నమ్మకస్తుల్లో ఒకతె. బజారు నుంచి తెచ్చిన సంచీని విప్పీ విప్పకుండానే లోపలికి తోసి తలుపు మూసేస్తుంది. అడుగున తోటకూర, దాని మీద బంగాళాదుంపలు, వాటి మీద మగ్గిన అరటిపళ్లు. రెండు రోజులకల్లా తోటకూర ముద్దయిపోతుంది. నేను ఊరుకునే మనిషిని కాను కదా.

"పండిన అరటిపండు పక్కన ఏది పెట్టినా తొందరగా ముసలిదైపోతుందమ్మా. ఆకుకూరకి పొడి కాగితం చుట్టు. దుంపలకి చలి పనికిరాదు, బయటే చీకట్లో ఉంచు."

"అత్తయ్యా, కాలేజీలో చదివిన ఆ బాటనీ మీరింకా మరిచిపోలేదా?" అంటుంది.

మరిచిపోలేదు. అయితే ఇందులో బాటనీ సగమే. మిగతా సగం మా అమ్మతో పడిన పోట్లాటల్లో నేర్చుకున్నది. ఆ పోట్లాటలన్నిటిలోకీ పెద్దది ఒక గోబీ కోసం జరిగింది. క్యాబేజీ అని రాయాలేమో. కానీ మద్రాసుకి ఓడ మీద మూడు రోజుల దూరంలో ఉన్న ఈ ద్వీపాల్లో తెలుగువాళ్లం కూడా దాన్ని పత్తాగోబీ అంటాం, బద్ధకమేస్తే గోబీ అంటాం. క్యాబేజీ అంటే నాకు ఆ గోబీ గుర్తుకు రాదు, ఇంకేదో హోటల్ కూర గుర్తొస్తుంది.

అప్పట్లో మేం హాడోలో, హార్బరుకి ఎగువన గుట్ట మీదున్న ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడి పోర్టు పనులకి మనుషులు కావాలంటే శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లలో మా నాన్న ఒకడు. అమ్మను తర్వాత తెచ్చుకున్నాడు. నేను ఇక్కడే పుట్టాను.

కూరగాయ అనేది ఆ రోజుల్లో మాకు నేలలోంచి వచ్చేది కాదు, జహాజ్‌లోంచి దిగేది. మద్రాసు నుంచో కలకత్తా నుంచో ఓడ వస్తే ఊళ్లో ఉల్లిపాయ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అందుకని మా ఇంట్లో మనుషులకంటే కూరగాయలకే మంచి చోట్లు దొరికేవి. మంచం కింద పొడి ఇసుక పరిచి బంగాళాదుంపలు. వంటింటి దూలానికి పాత చేపల వల ముక్కలో గుమ్మడికాయ, ఏ పక్కా ఒరుసుకోకుండా. గాలి తగిలే కిటికీ దగ్గర ఉల్లిపాయలు, కాడలతో జడ అల్లి. నిమ్మకాయలు కుండలో, పొడి ఇసుకలో, ఒకదానికొకటి తగలకుండా. టమాటాలు తొడిమ కిందికి చేసి పాత పేపరు మీద. పచ్చిమిరపకాయలకి మాత్రం తొడిమలు తీసేయాలి, లేకపోతే కుళ్లు అక్కడే మొదలవుతుంది. చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడి వెళ్లిపోయేవారు.

నాన్న వార్ఫులో, అంటే ఓడల రేవులో, కళాసీ. ఒడ్డుకొచ్చిన ఓడలకి తాళ్లు కట్టడం ఆయన పని. ఏ ఓడ ఎప్పుడొస్తుందో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. కనుక మా క్వార్టర్స్ వరసలోనూ, మా తెలుగు చర్చిలోనూ ఆడవాళ్ల వంట ఆయన మాట మీద నడిచేది. "రేపు జహాజ్" అన్నాడా, దాచుకున్న నాలుగు వంకాయలూ ఆ పూటే పొయ్యెక్కేవి. "ఇప్పట్లో లేదు" అన్నాడా, ఉన్న ఉల్లిపాయని పావులు చేసుకునేవారు. మిడిల్ పాయింట్‌లో కూరల దుకాణం భయ్యా కూడా నాన్నని దారిలో ఆపి అడిగాకే మిగిలిన సరుకుని ఏం చెయ్యాలో తేల్చుకునేవాడు.

మా చర్చిలో ఏటా కోత పండుగ జరిగేది, ఇప్పటికీ జరుగుతుంది. ఎవరు పండించిన దాంట్లో మొదటిది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. డిగ్లీపూర్‌లో, అంటే ఉత్తరాన చివరి కొసన, పొలాలున్న చుట్టాలు గలవాళ్లు వరికంకులు, గుమ్మడికాయలు, చెరుకుగడలు తెప్పించుకునేవారు. వార్ఫు క్వార్టర్స్‌లో ఉండే మాకు ఏం పండుతుంది? అమ్మ ఏటా బజార్లో ఉన్నవాటిలో మంచి కూరగాయ చూసి కొని, పళ్లెంలో పెట్టుకుని వెళ్లేది. సంఘ పెద్దగారి భార్య, అమ్మ అప్పా అని, అంటే అక్కా అని, పిల్లలమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ఏటా దాన్ని చేత్తో తిప్పి చూసేది.

"కొన్నదేటే?"

"అవునప్పా."

"మరైతే ఇది నీ ప్రథమ ఫలం కాదే. దుకాణం సేటుది. ఆడి పేరునే రాసుకుంటాడు దేవుడు."

నలుగురూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. నవ్వి, పళ్లేన్ని అన్నిటికంటే వెనక, గోడ వైపు పెట్టి వచ్చేది.

నేను విశాఖపట్నంలో డిగ్రీ ముగించుకుని ఓడ దిగిన ఏడు, పెట్టెలో పట్టాతో పాటు ఒక గోబీ విత్తనాల పాకెట్టు కూడా తెచ్చాను. పట్టాను అమ్మ ఒకసారి తడిమి చూసి, జాగ్రత్తగా బీరువాలో పెట్టింది. పాకెట్టును మాత్రం పెట్టిన చోటునుంచి తీసి తీసి చూసేది. వంటింటి వెనక గుట్ట వాలులో చాపంత జాగా ఉంది. ఎర్రమట్టి, రాళ్లు. అడవి అంచు నుంచి ఆకుమట్టి మోసుకొచ్చింది. పొయ్యి బూడిద పోసింది. చేపల తలకాయలు పాతింది. మొలకలు బాగానే లేచాయి. లేచినవాటి మీద నత్తలు పడ్డాయి. మా నత్తలంటే గోరంతవి కావు, పిడికిలంతవి. యుద్ధం రోజుల్లో జపాను వాళ్లు తెచ్చి వదిలిపోయారని పెద్దవాళ్లు చెప్పేవారు. అమ్మ తెల్లవారుతూనే బకెట్టు పట్టుకుని వాటిని ఏరేది. నత్తలు తిన్నవి పోగా, ఎండకి మాడినవి పోగా, ఊరికే ఆకులు వేసి ఊరుకున్నవి పోగా, ఒకే ఒక్కటి ఉండచుట్టుకుంది. అది బిగిసి బిగిసి, నా రెండు చేతుల మధ్య పట్టనంత అయింది.

"ఈసారి అడగమను పెద్దమ్మని, కొన్నదేటే అని" అన్నాను.

"నోర్ముయ్యవే గుంటా, దిష్టి తగుల్తాది" అంది అమ్మ. దిష్టి లాంటివి లేవని ఏళ్ల తరబడి ప్రసంగాలు విన్న మనిషి!

పండుగ ఆదివారం. శనివారం సాయంత్రానికే కానుకలన్నీ చర్చిలో అమర్చాలి. చిక్కల్లా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, ఊళ్లో లేకపోవడం. ముందు డిగ్లీపూర్ తెలుగు కుటుంబాల దగ్గర పండుగ జరిపించి, అక్కడి వాళ్లిచ్చిన కంకులు తీసుకుని ఆయన తిరిగి రావాలి. అప్పటికింకా అంతదూరం రోడ్డు పడలేదు. ద్వీపాల మధ్య తిరిగే బోటే గతి. శనివారం మధ్యాహ్నం నాన్న వార్ఫు నుంచి వస్తూనే గుమ్మంలోంచి కేకేశాడు.

"బోటు బయల్దేరీసింది! సిగ్నలొచ్చింది. పొద్దుగూకీలోపు తాడు కట్టీస్తాం."

నాన్న మాట కదా. అమ్మ మడిలోకి దిగింది. గోబీ చుట్టూ మట్టి వదులు చేసి, వేరుతో సహా పైకి లాగింది.

"మెడ దగ్గర కొయ్యొచ్చు కదమ్మా, వేరెందుకు?"

"వేరుంటే దానికి తెలీదే."

"ఏం తెలీదు?"

"పీకీసేమని."

సాయంత్రం చర్చిలో కానుకలు సర్దుతుండగా బోటు వచ్చింది. వచ్చింది డిగ్లీపూర్ బోటు కాదు, దక్షిణం నుంచి వచ్చినది. నాన్న విన్న సిగ్నలూ దానిదే. డిగ్లీపూర్ నుంచి రావాల్సిన బోటు ఇంజను చెడి అక్కడే ఆగిపోయింది. ఎప్పుడు బాగవుతుందో ఎవరికీ తెలియదు. అయ్యగారు వచ్చేదాకా పండుగ వాయిదా అని సంఘ పెద్ద చెప్పారు. అయ్యగారు లేకుండా కోత పండుగ జరిపే అలవాటు మా సంఘానికి లేదు.

ఎవరి కానుకలు వాళ్లు తిరిగి సంచుల్లో వేసుకుంటున్నారు. గుమ్మడికి పోయేదేముంది? కొబ్బరికి పోయేదేముంది? పెద్దమ్మ మా పళ్లెం దగ్గరికి వచ్చింది. కొన్నదేటే అని అడగడానికి వీల్లేదు, మట్టి అంటుకున్న వేరు బయటికి కనిపిస్తోంది.

"పండించేవేటే!" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. అంతలోనే ఆవిడ నోటికి తన అలవాటు గుర్తొచ్చింది. "అయితే ఏటి లాభం? మా గుమ్మడి ఈస్టరు దాకా ఉంటాది. నీ గోబీ ఉండదు. తీసుకెళ్లి వొండీసుకో. అయ్యగారొచ్చీనాటికి దుకాణంలో ఇంకోటి కొనుక్కుందువు గాని."

అమ్మ ఈసారి నవ్వలేదు. పళ్లెం ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. నాన్న మాతో కలిసి నడిచే ధైర్యం లేక దారంతా వెనకాలే వచ్చాడు.

ఇంటికి చేరగానే నేను నా చదువు బయటికి తీశాను. పక్కింటి దీదీకి ఫ్రిజ్ ఉంది. మా వరస మొత్తానికి అదొక్కటే. బెంగాలీ ఆవిడ, భర్త పోర్టు ఆఫీసులో గుమాస్తా.

"కోసిన ఆకు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుందమ్మా. పీల్చేకొద్దీ తనలో ఉన్న తీపిని తనే తినేసి, నీళ్లు పోగొట్టుకుని వాడిపోతుంది. చల్లటి చోట పెడితే ఊపిరి నెమ్మదిస్తుంది. అంతే. దీదీ ఫ్రిజ్‌లో పెడదాం."

"ఊపిరి తీసుకుంటాదంటన్నావు. మరి పెట్టెలో పెట్టి తలుపేసీమంటావేటి?"

"అది వేరే సంగతి..."

"పైగా దాన్నిండా చేపలు. దేవుడికిచ్చీదాన్ని చేపల మధ్యన పెడతానా?"

"యేసయ్య శిష్యులు చేపలు పట్టినవాళ్లే కదా!"

"పట్టేరు. గోబీ పక్కన పెట్టేరేటి?"

నాన్న ఫక్కున నవ్వాడు. మేమిద్దరం ఒకేసారి ఆయన వైపు తిరిగాం. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

చివరికి అమ్మ చెప్పినట్టే జరిగింది. స్నానాలగదిలో ఎండ తగలని మూల, చల్లటి సిమెంటు నేల మీద, పైభాగం కోసిన కిరసనాయిలు డబ్బా పెట్టాం. దాన్నిండా ఇసుక పోసి, తడిపి, గోబీ వేరుని అందులో పాతాం. మడిలో ఉన్నప్పటిలాగే నిటారుగా కూర్చుంది. నిజమే, దానికి తెలిసినట్టు లేదు. ఆ మీదట అమ్మ తన పాత నూలు చీర చింపి, తడిపి, గోబీ తలకి చుట్టబోయింది. అక్కడ మళ్లీ పోట్లాట.

"వేరు తడిగా ఉండాలి, తల పొడిగా ఉండాలి. మన గాలే సగం నీళ్లు. తడిబట్ట చుడితే ఆరదు, కుళ్లిపోతుంది."

"మా ఊళ్లో తోటకూరకి ఇలాగే చుడతాం."

"మీ ఊళ్లో గాలి ఆరబెడుతుంది, మన ఊళ్లో గాలి నానబెడుతుంది!"

వినలేదు. చుట్టింది. రెండు రోజులు తిరక్కుండానే బట్ట తగిలిన చోటల్లా ఆకులు నల్లబడి జారుడుగా తయారయ్యాయి. అమ్మ బట్ట విప్పేసి, నా మొహం చూడకుండా ఉతికి ఆరేసింది. ఆ ఒక్క విషయంలో నేను గెలిచాను. ఎవరైనా తడిబట్ట మాటెత్తితే ఈ రోజుకీ చెబుతాను.

ఎండలు ముదిరే కాలం. కుళాయి ఒక రోజు వస్తే ఒక రోజు రాదు. అమ్మ మొహం కడుక్కున్న నీళ్లు కూడా ఆ ఇసుకలోనే పోసేది. పొద్దున లేవగానే ప్రార్థన, ఆ తర్వాత గోబీ. వాడిన పైఆకుని మొదలు దగ్గర వేలితో నొక్కి, చిరగకుండా విడదీసేది. వాడిన ఆకుని అలాగే వదిలేస్తే దాని కిందిదాన్ని కూడా పాడు చేస్తుంది. ఊడదీస్తే కిందిది తాజాగా బయటపడుతుంది. అలా అది నిలుస్తోంది. నిలుస్తోంది గానీ రోజురోజుకీ చిన్నదవుతోంది. తీసిన ఆకుల్లో బాగున్న భాగం తరిగి శనగపప్పులో వేసేది.

"ఇదేం కూర?" అన్నాడు నాన్న ఒక పూట కంచం ముందు కూర్చుని.

"నువ్వు తెచ్చిన బోటు కూర" అంది అమ్మ.

పాపం, నాన్న అప్పటికే సగమయ్యాడు. బోటు ఎప్పుడని ఎవరడిగినా జవాబు చెప్పడం మానేశాడు. మిడిల్ పాయింట్‌లో కూరల భయ్యా, "భయ్యా, జహాజ్ కబ్?" అంటే, "సముందర్ సే పూఛో", సముద్రాన్నే అడుగు, అని తలవంచుకుని వెళ్లిపోయాడట. మా వరసలో ఆడవాళ్లకి వంట తోచడం మానేసింది. నాన్న మాట లేకుండా, ఉన్న కూర ఈ పూట వండాలో దాచాలో ఎవరికి తెలుసు? ఆయన మాత్రం పని దిగాక కూడా వార్ఫులోనే కూర్చుని ఉత్తరం వైపు చూసేవాడని తోటి కళాసీలు చెప్పారు.

నా వాదన అప్పటికి మారింది. "అమ్మా, అది రోజూ తరుగుతోంది. అయ్యగారు వచ్చేసరికి ఏమీ మిగలదు. ఉన్నప్పుడే వండుకుని తిందాం. దేవుడికి ఇంకేదైనా ఇద్దాం." పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అనేదాన్ని. అమ్మ వంగి ఇసుకలో నీళ్లు పోసుకుంటూ ఉండేది. నాతో వాదించేవాళ్లని భరిస్తాను గానీ జవాబివ్వని వాళ్లని భరించలేను.

ఒక ఉదయం స్నానాలగది తలుపు తీసేసరికి అమ్మ తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉంది. డబ్బా ఆమె ఒళ్లో ఉంది. తూములోంచి ఒక నత్త లోపలికి వచ్చిందట. బయట నేలంతా ఎండి బీటలిచ్చాక అవి తడి ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. గోబీ ఒక పక్క వేలు దూరేంత కన్నం, కన్నం చుట్టూ మెరిసే చార. నత్త ఇంకా అంచునే ఉంది, తిని బరువెక్కి.

"పోనీలేమ్మా" అన్నాను. "పండించింది నువ్వని దేవుడికి తెలుసు. పెద్దమ్మకి తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత?"

"పెద్దమ్మ కోసం కాదే."

"మరి?"

ఆమె ఒళ్లోని డబ్బాని కొంచెం సర్దుకుంది.

"మా ఊళ్లో కోత పండక్కి కంకులు మోసీది నానే. చిన్నప్పట్నించీ. తెల్లగౌను తొడిగి అందరికంటే ముందర నడిపించీవోరు. ఆ కంకులు కామందువి. ఆయన చర్చికి రాడు, ఆయన కంకులొస్తాయి. కోసింది మా యమ్మ, మోసింది నాను, పంట ఆయనది. ఇక్కడికొచ్చీసేక దుకాణం సేటుది మోసేను. ఇన్నేళ్లలో నాది నాను మోసింది లేదు. ఒక్కపాలి మోద్దామనీ."

అంతే చెప్పింది. ఆకు అంచున ఉన్న మట్టిని గోటితో గీకుతూ చెప్పింది.

నేను నత్తను తీసి గుట్ట కిందికి విసిరొచ్చాను. వచ్చి డబ్బా ఆమె ఒళ్లోంచి అందుకున్నాను.

"కన్నం ఎంతవరకు దిగిందో అంతవరకు ఆకులు తీసేద్దాం. లోపల బాగున్నంత బాగుంటుంది. కానీ ఇంక ఈ గది వద్దు. వేరు చూడు, గోధుమరంగుకి వచ్చేసింది. నీళ్లు తాగడం మానేసింది."

అమ్మ వేరుని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నీ పెట్టెలోనే పెట్టు" అంది. "చేపలుండకూడదు."

ఆ రోజు నుంచి నేను అమ్మ పక్షాన వాదించాను. వాదించడం మాత్రం మానలేదు.

దీదీ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. ఆవిడకి మన కోత పండుగ తెలియదు, మన ఆరాధన తెలియదు. చెంపలు నొక్కుకుని, "అరే బాప్ రే, భగవాన్ కీ గోబీ!" అంది. వెంటనే ఫ్రిజ్ తలుపు తీసి, లోపలున్న చేపలన్నీ బయట పెట్టింది. బెంగాలీవాళ్ల ఇంట్లో చేపలన్నీ అంటే ఎన్నో ఊహించుకోండి. వేయించినవి కొన్ని, ఆవాల ముద్దతో వండినవి కొన్ని. ఆ పూట మా వరసలో ప్రతి ఇంటికీ ఒక గిన్నె వెళ్లింది. ఇన్నాళ్లుగా పప్పుతో సరిపెట్టుకుంటున్న నాన్నయితే దీదీకి చేతులెత్తి దండం పెట్టాడు. ఆ తర్వాత ఆవిడ నిమ్మతొక్కలతో ఫ్రిజ్ లోపల రుద్ది రుద్ది కడిగింది. నేను గోబీకి పొడి పేపరు చుట్టాను, ఊపిరాడేలా వదులుగా. పైఅరలో ఒంటరిగా కూర్చుంది.

ఇక అక్కడినుంచి అమ్మ రాకపోకలు. "దీదీ, ఏక్ బార్ ఖోలో నా" అంటూ ఒక్కసారి తలుపు తెరవమని బతిమాలడం. పొద్దున ఒకసారి, పనిలో ఉండగా గుర్తొచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు రోజులు ఓపిక పట్టి దీదీ చివరికి కసిరింది. "ఇత్నా మత్ ఖోలో బహన్! నువ్వు చూస్తున్నకొద్దీ చల్లదనం బయటికి పోతుంది. చూసీ చూసీ నువ్వే పాడు చేస్తావు" అని సగం హిందీలో, సగం తనకొచ్చిన తెలుగులో. కరెంటు పోయిన పూట మాత్రం, ఎవరూ పొరపాటున తెరవకుండా తన పాత చీరతో ఫ్రిజ్‌ని చుట్టి ముడేసింది. కరెంటు వచ్చేదాకా దాని ముందే పీట వేసుకుని కూర్చుని బియ్యం ఏరుకుంది.

ఒక సాయంత్రం నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు.

"ఏటి?" అంది అమ్మ.

"నానేటీ సెప్పను. మాట తెచ్చి ఒకపాలి పడ్డాను కదా. ఈపాలి మనిషినే తెచ్చేను. సూసుకో."

పక్కకి తప్పుకున్నాడు. వెనక అయ్యగారు! బట్టల మీద ఉప్పు చారలు, చంకలో వరికంకుల కట్ట, సముద్రం మీద వాంతులు చేసుకుని వడిలిన మొహం.

"అమ్మా, జెట్టీ మీంచి నన్ను ఇంటికి కూడా వెళ్లనివ్వలేదు" అన్నారాయన గుమ్మం పట్టుకుని. "చెయ్యి పట్టుకుని నేరుగా ఇక్కడికే లాక్కొచ్చాడు. ఏం జరిగింది? ఎవరికి బాగోలేదు?"

"అందరం బావున్నామండయ్యగారూ" అంది అమ్మ. "గోబీకే..." అని ఆగిపోయింది.

ఆయనకి కుర్చీ వేసి, టీ ఇచ్చి, నేనే మొత్తం చెప్పాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని విన్నారు. నేల ఇంకా ఊగుతోందమ్మా అన్నారు. పండుగ ఎల్లుండి ఆదివారమే అన్నారు. అమ్మ ఆ మాట వినడమే తరువాయి, దీదీ ఇంటివైపు పరుగెత్తింది.

ఆదివారం పొద్దున పేపరు విప్పాం. పీచు తీసిన కొబ్బరికాయంత ఉంది, అంతే. నా రెండు చేతుల మధ్య పట్టని గోబీలో మిగిలింది అది. కానీ లేతాకుపచ్చగా, బిగువుగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. అడుగున ఎండిపోయిన వేరు వేలాడుతోంది.

"వేరు కోసేద్దామా? బాగుంటుంది" అన్నాను.

"ఉండనీ."

చర్చిలో అమ్మ గోడ వైపు వెళ్లలేదు. గుమ్మడికాయల్నీ అరటిగెలల్నీ దాటుకుని ముందు వరసకి నడిచింది. అయ్యగారు తెచ్చిన కంకుల పక్కన పళ్లెం పెట్టింది. అంత పెద్ద పళ్లెంలో అంత చిన్న గోబీ. వెనకెవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ లేచి వచ్చింది. నేను అందుకు సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ఏమంటే ఏమనాలో దారి పొడుగునా కూర్చుకున్నాను, చాలా మంచి మాటలు.

పెద్దమ్మ గోబీని చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కింది. కొత్తగా తెంపిన గోబీని నొక్కితే వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు నాక్కూడా వినిపించింది.

"ఆ నాటిదేనేటే ఇది?"

"అదేనప్పా."

"మరి దుకాణంలో కొన్నది కాదేటే..."

"నాది" అంది అమ్మ.

ఆ ఒక్క మాటే. నేను కూర్చుకున్నవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. పెద్దమ్మ దాన్ని పళ్లెంలో తిరిగి పెట్టింది, వేరు ముందుకి కనిపించేలా కొంచెం తిప్పి.

ఆరాధన అయ్యాక వేలం. గోబీ వంతు రాగానే అందరికంటే ముందు లేచింది మా నాన్న గొంతు.

"ఇచ్చినోలు పాడకూడదు బావా" అన్నారు సంఘ పెద్ద.

"ఇచ్చింది అదీ. పాడీది నాను."

"ఇంటోలు కూడా పాడకూడదు."

"ఆ బోటు సిగ్నలు నాదయ్యా! నా మూలంగానే కదా అది ఇంతయింది!" అన్నాడు నాన్న. చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మ తలమీద కొంగు ముందుకి లాక్కుంది, కానీ భుజాలు కదలడం నాకు కనిపించింది.

చివరికి పాట పెద్దమ్మ పేరున ఆగింది. ఆవిడతో పోటీ పడడానికి ఎవరికీ ధైర్యం లేదు, అది వేరే సంగతి. గోబీని కొంగులో పెట్టుకుని, గుమ్మడికాయని వేరేవాళ్ల చేతికిచ్చి, ఆవిడ చర్చి మెట్లు దిగుతుంటే అమ్మ ఖాళీ పళ్లెంతో గబగబా వెనకాల వెళ్లింది.

"అప్పా! ఆగప్పా!"

"ఏటే?"

"దాచకు."

"ఇన్నాళ్లూ దాచినదానివి నువ్వు. నాకు సెప్తన్నావా?"

"రేపటికి ఉంచకప్పా. ఎల్లగానే పొయ్యిమీద పెట్టీ. పిల్లలకి వేడివేడిగా పెట్టీ. ఇంక దాన్నెవులూ దాచకండి."

పెద్దమ్మ కొంగులో గోబీని సర్దుకుంది. "సరేలే" అంది. "నువ్వూ రా. ఎలాగ వొండాలో దగ్గరుండి సెప్పు."

అమ్మ పళ్లేన్ని నా చేతిలో పెట్టి, ఆవిడతో పాటు మెట్లు దిగింది.